454 కట్టేవాళ్లు ముందు మైక్రోమీటరు కొనుక్కోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు కుర్రాళ్లు 1970 నాటి షెవ్రోలె షెవెల్ లాంటి పాత కార్లు కొని బాగుచేసుకుంటున్న తీరు మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు కన్నులపండువగా ఉన్నాయి. ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెద్ద కార్బురేటరు, పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్టు), ఎత్తు పిస్టన్లు వేస్తే 500 హార్స్‌పవర్ చేతికొస్తుందన్నట్టు ఒక్క వాక్యంలో తేల్చేశారు. అది నమ్మి డబ్బు పెట్టే కుర్రాడు నష్టపోతాడు. 454 ఘనపు అంగుళాల ఈ షెవ్రోలె ఇంజన్లు బలం చాలక పాడవవు. కొలవకుండా బిగించడం వల్ల, ఒకదానికొకటి పొసగని భాగాలు కలపడం వల్ల పాడవుతాయి. కాస్త పెద్ద ఉత్తరమే అయింది, దయచేసి కొలతలు మాత్రం కత్తిరించకుండా వేయండి.

షెవ్రోలె బిగ్ బ్లాక్ అని ఇప్పుడు అందరూ పిలిచే ఎనిమిది సిలిండర్ల మార్క్ ఫోర్ ఇంజన్ 1965లో 396 ఘనపు అంగుళాలతో మార్కెట్లోకి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ఫ్యాక్టరీలో తయారయ్యేది. తర్వాత 427, 1970లో 454 వచ్చాయి. 454లో బోరు (సిలిండరు వెడల్పు) నాలుగుంబావు అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) నాలుగు అంగుళాలు, మొత్తం 7.4 లీటర్లు. మన పాఠకులకు అర్థమయ్యేలా చెప్పాలంటే, దీని ఒక్క సిలిండరు 930 సీసీ. మన మారుతి 800 ఇంజన్ మొత్తం కలిపినా 796 సీసీయే. మధ్య సైజు కార్లలో 400 ఘనపు అంగుళాలు దాటకూడదని జనరల్ మోటార్స్ పెట్టుకున్న నియమాన్ని 1970 మోడళ్లకు ఎత్తేసింది. అందుకే ఆ ఏడాది షెవెల్‌లో ఎల్ఎస్6 అనే 454 దిగింది. కంపెనీ ప్రకటించిన లెక్క 450 హార్స్‌పవర్, కంప్రెషన్ (పిస్టన్ పైకొచ్చేసరికి సిలిండరులోని మిశ్రమం ఎన్నో వంతుకు కుదించుకుంటుందో చెప్పే అంకె) 11.25. అది సీసం కలిపిన ప్రీమియం పెట్రోలు దొరికే రోజుల సంగతి. పైగా ఆ 450 అనేది ఫ్యాను, ఎయిర్ క్లీనరు, సైలెన్సరు లేకుండా వట్టి ఇంజన్‌ను నడిపి తీసిన అంకె. 1972 నుంచి అన్నీ తగిలించి కొలిచే పద్ధతి వచ్చాక, షెవెల్‌లోని 454కి కంపెనీ రాసింది 270. ఆ 454 ఎల్ఎస్6 కాదు, కాబట్టి తేడాలో కొంత ఇంజన్ రకం వేరైనందువల్ల, కొంత కంప్రెషన్ తగ్గించినందువల్ల పోయింది, కొంత కొలిచే పద్ధతి మారినందువల్ల తగ్గినట్టు కనిపించింది. పాత బ్రోచర్లోని అంకెను ఇప్పటి కారు అంకె పక్కన పెట్టి పోల్చకూడదు.

ఇప్పుడు చేతికి దొరికే 454లు ఎక్కువగా పాత ట్రక్కులవి, మోటార్ హోమ్‌లవి. అందులో తప్పేమీ లేదు, ఇనుము అదే ఇనుము. బ్లాకు (సిలిండర్లున్న ఇనుప పోత) వెనక అంచున, గేర్‌బాక్సు బిగించే చోట, డ్రైవరు వైపు పోతలో వచ్చిన నంబరు ఉంటుంది. 3963512 అని ఉంటే 427, 454లకు పోసిన మంచి బ్లాకు. 1991లో వచ్చిన తర్వాతి తరం బ్లాకులు చూడ్డానికి ఇలాగే ఉన్నా నీటి దారులు వేరు, వెనక ఆయిల్ సీలు ఒకే ముక్క, పెట్రోలు పంపు బిగించే చోటు ఉండదు. వాటి మీద పాత హెడ్లు (సిలిండర్ల పైన మూతలా ఉండి వాల్వులు మోసే భాగాలు) పెడితే మామూలు గ్యాస్‌కెట్‌తో నీళ్లు కారతాయి. బేరం ఆడేటప్పుడే ఆ మూడూ చూసుకోవాలి.

కారుతో పాటు వచ్చిన అసలు ఇంజనే అయితే ఇంకో జాగ్రత్త ఉంది. బ్లాకు ముందు, ప్రయాణికుడి వైపు హెడ్డు కింద, చదునుగా ఉన్న చిన్న పట్టీ మీద ఇంజన్ కోడు, కారు నంబరులోని అంకెలు గుద్ది ఉంటాయి. 1970 షెవెల్‌లో సీఆర్వీ అని కనిపిస్తే అది మాన్యువల్ గేర్ల ఎల్ఎస్6. లేతు షాపులో బ్లాకు పైముఖం చదును చేయించినప్పుడు కట్టరు ఆ పట్టీ మీదుగా పోయిందంటే కారు పుట్టు పూర్వోత్తరాలు ఇనుప రజనుతో పాటు కొట్టుకుపోయినట్టే. కారు విలువలో పెద్ద భాగం ఆ నాలుగు అంగుళాల ఇనుము మీదే ఉంది. కాబట్టి పని అప్పజెప్పేటప్పుడు పట్టీ ముట్టుకోవద్దని కాగితం మీద రాసిచ్చి సంతకం తీసుకోవాలి. నోటిమాట చాలదు.

లేతు పనివాళ్ల భాషలో అంగుళంలో వెయ్యో వంతు అంటే ఒక థౌ. ఇక్కడి నుంచి కొలతలన్నీ అందులోనే చెబుతాను. మన తల వెంట్రుక మందం రెండు మూడు థౌ ఉంటుందనుకుంటే ఈ ఇంజన్‌లో బేరింగుకూ క్రాంక్‌కూ (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే షాఫ్టు) మధ్య వదిలే సందు దాదాపు అంతే.

బ్లాకు ముందు వేడి ట్యాంకులో కడిగించి, అయస్కాంత పరీక్షలో పగుళ్లు లేవని తేల్చుకోవాలి. ఆ తర్వాత సోనిక్ గేజితో సిలిండరు గోడల మందం చూడాలి. పిస్టన్ బలంగా ఒరుసుకునే పక్క 200 థౌ మిగిలేలా ఉంటేనే బోరు పెంచడం. చాలామంది ఈ పరీక్ష మానేసి ఏకంగా 60 థౌ పెంచేస్తారు, తర్వాత ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇంజన్ ఎందుకు కాగుతోందో అర్థం కాక రేడియేటర్ల మీద రేడియేటర్లు మారుస్తారు. పోతలో కోర్ (లోపలి బోలుకు పెట్టే ఇసుక అచ్చు) కాస్త జరిగిన బ్లాకుల్లో ఒక పక్క గోడ మందంగా, ఎదురు పక్క పలచగా ఉంటుంది. పలచటి గోడ వేడికి వంగుతుంది, రింగులు బిగువు వదిలేస్తాయి. 30 థౌ సరిపోతే 30 దగ్గరే ఆగాలి. అప్పుడు బోరు 4.280, ఇంజన్ 460 ఘనపు అంగుళాలు. బోరు ఆఖరి హోనింగ్ (రాపిడి రాళ్లతో నునుపు చేయడం) చేసేటప్పుడు హెడ్డుకు బదులు మందపాటి టార్క్ ప్లేటు బిగించి చేయించాలి. హెడ్డు బోల్టుల లాగుడుకు సిలిండరు గుండ్రదనం పోతుంది, ప్లేటు బిగిస్తే అదే వంకరలో హోన్ గుండ్రంగా చేస్తుంది. ప్లేటు లేని షాపులో ఈ పని చేయించవద్దు. క్రాంక్‌ను పట్టి ఉంచే మెయిన్ క్యాపులకు బోల్టులు తీసి స్టడ్లు వేస్తే క్యాపు కూర్చునే తీరు మారుతుంది, అందుకని క్రాంక్ కూర్చునే సొరంగం మళ్లీ కొలిచి లైన్ హోన్ చేయించాలి. అది ఎవరూ చెప్పరు, బిల్లులో కూడా వేయరు.

ఇక క్రాంక్. 396, 402, 427 ఇంజన్లలో క్రాంక్ తూకం లోపలే సరిపోతుంది. 454లో స్ట్రోకు ఎక్కువ, లోపల కౌంటర్ వెయిట్లకు చోటు చాలలేదు, అందుకని మిగిలిన తూకాన్ని ముందున్న హార్మోనిక్ బ్యాలెన్సరు మీద, వెనకున్న ఫ్లైవీల్ లేదా ఫ్లెక్స్‌ప్లేటు మీద పెట్టారు. ఈ ఒక్క సంగతి తెలియక పాడైన ఇంజన్లకు లెక్కలేదు. 427 నుంచి తీసిన ఫ్లైవీల్ 454కి బోల్టులతో చక్కగా పట్టేస్తుంది. స్టార్ట్ కూడా అవుతుంది. స్టీరింగ్ వణుకు, అద్దం వణుకు, ఆ తర్వాత కొన్ని వందల మైళ్లకే మెయిన్ బేరింగుల్లో రాగి కనిపిస్తుంది. కొత్త పిస్టన్లు, రాడ్లు (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీలు) వేసినప్పుడు పాత తూకం పనికిరాదు. పిస్టన్లు, పిన్నులు, రింగులు, రాడ్లు, బేరింగులు, బ్యాలెన్సరు, ఫ్లైవీల్ అన్నీ ఒకేసారి షాపుకిచ్చి మొత్తంగా బ్యాలెన్స్ చేయించాలి. సగం ఇచ్చి సగం తర్వాత తెస్తానంటే కుదరదు. క్రాంక్ జర్నళ్లు (బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలు) అరిగి 10 థౌ గ్రైండింగ్ చేయిస్తే, జర్నల్ చివర మూలలో ఉండే గుండ్రటి వంపును కూడా చూడాలి. గ్రైండరు ఆ వంపును పెద్దగా వదిలితే బేరింగు అంచు దాని మీద ఎక్కి ఒరుసుకుంటుంది. పాత బేరింగు అంచున ఒక పక్క సన్నటి మెరుపు గీత కనిపిస్తే అదే గుర్తు.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటికి వద్దాం. అది కంప్రెషన్.

ట్రక్కు 454 మీద ఉండే హెడ్లు ఎక్కువగా ఓపెన్ చాంబరువి (పెట్రోలు మండే గుంట వెడల్పుగా తెరిచి ఉన్నవి), ఒక్కో చాంబరులో సుమారు 119 సీసీ పడుతుంది. 30 థౌ పెంచిన 454లో ఒక్కో సిలిండరు పిస్టన్ తోసే ఘనపరిమాణం 943 సీసీ. పైముఖం చదునుగా ఉండి వాల్వుల కోసం 3 సీసీ గుంటలున్న పిస్టన్ వేశామనుకోండి. గ్యాస్‌కెట్ మందం 39 థౌ, అందులో పట్టేది తొమ్మిదిన్నర సీసీ. పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాకు ముఖానికి 20 థౌ కిందే ఆగితే ఇంకో 4.7 సీసీ. మొత్తం మిగిలే చోటు 136 సీసీ. లెక్క కడితే కంప్రెషన్ 7.9. పెద్ద క్యామ్ వేసిన ఇంజన్‌కు ఇది ఏ మూలకూ చాలదు. క్యామ్ ఇంటేక్ వాల్వును ఆలస్యంగా మూస్తుంది, అప్పటిదాకా లోపలికొచ్చిన గాలి కొంత వెనక్కి పోతుంది, ఉన్న కాస్త కంప్రెషన్ కూడా కిందటి ఆర్పీఎంలో కరిగిపోతుంది. కారు ఐడిల్‌లో భలే ఉరుముతుంది, సిగ్నల్ దగ్గర కదలమంటే మాత్రం చతికిలబడుతుంది.

బ్లాకు ముఖం 15 థౌ చదును చేయించి, 18 సీసీ గుబ్బ ఉన్న ఫోర్జ్డ్ పిస్టన్ వేసి అదే లెక్క మళ్లీ కట్టండి. గుబ్బ చోటు తీసేస్తే మిగిలేది 112 సీసీ లోపే, కంప్రెషన్ 9.4. అమెరికా బంకుల్లో దొరికే 91, 93 ఆక్టేన్ పెట్రోలుకు ఇనుప హెడ్లతో ఇది హాయిగా సరిపోతుంది. ఇక్కడ ఒక మాట. మన బంకుల్లో చెప్పే ఆక్టేన్ రీసెర్చ్ పద్ధతిది, అమెరికాలో బోర్డు మీద రాసేది రీసెర్చ్, మోటార్ పద్ధతుల సగటు. అక్కడి 91 మన లెక్కలో 95, 96 దరిదాపుల్లో ఉంటుంది. ఇక్కడి నుంచి ఫోన్‌లో సలహాలిచ్చే అన్నయ్యలు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొకటి. 15 థౌ తీసేశాక పిస్టన్ 5 థౌ కిందే ఆగుతుంది, గ్యాస్‌కెట్ 39 కలిపితే 44 థౌ. పిస్టన్ చదును భాగానికీ హెడ్డు చదును భాగానికీ మధ్య ఈ సందు 40 థౌ దరిదాపుల్లో ఉంటే అక్కడి మిశ్రమం చాంబరులోకి చిమ్మి బాగా మండుతుంది, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) తగ్గుతుంది. ఓపెన్ చాంబరు హెడ్లలో ఈ చదును ఒక పక్కనే ఉంటుంది కాబట్టి ఉన్న కాస్తనూ వదులుకోకూడదు. అలాగే ఓపెన్ చాంబరు హెడ్డు కోసం చేసిన గుబ్బ పిస్టన్‌ను పాత క్లోజ్డ్ చాంబరు హెడ్డు కింద పెడితే గుబ్బ నేరుగా ఇనుముకు తగులుతుంది. డబ్బా మీద ఏ చాంబరుకో రాసి ఉంటుంది, చదవాలి. చాంబరు సీసీని కూడా కేటలాగులోంచి తీసుకోకుండా, హెడ్డు తిరగేసి, వాల్వులు పెట్టి, పైన రంధ్రమున్న అక్రిలిక్ పలక గ్రీజుతో అతికించి, బ్యూరెట్‌తో నీళ్లు పోసి కొలవాలి. ఆస్పత్రి సిరంజి అయినా పరవాలేదు.

హెడ్లలో మూడు రకాల ఇంటేక్ దారులున్నాయి. మరీ చిన్న ఓవల్‌ను పీనట్ పోర్టు అంటారు, ట్రక్కుల్లో బరువు లాగడానికి చేసినవి, 4500 ఆర్పీఎం దాటితే ఊపిరాడదు. పెద్ద ఓవల్ పోర్టు హెడ్లే రోడ్డు మీద తిరిగే కారుకు సరైనవి. పోత నంబర్లు 353049, 336781 ఉన్నవి దొరికితే వదలొద్దు. ఎల్ఎస్6 మీదున్న చదరపు పోర్టులు పేరుకు గొప్పవి. 460 ఘనపు అంగుళాల ఇంజన్‌లో 6000 దాకా తిప్పనివాడికి మాత్రం ఆ దారుల్లో గాలి మందకొడిగా నడుస్తుంది. ఎంత చెట్టుకు అంత గాలి. 1970 దాకా వచ్చిన హెడ్లు సీసం పెట్రోలు కోసం చేసినవి కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించాలి. లేకపోతే వాల్వు మెల్లగా సీటులోకి దిగిపోతుంది, ట్యాపెట్ (క్యామ్ తోపును వాల్వు వైపు అందించే ముక్క) సందు మాటిమాటికీ పోతుంది.

క్యామ్ ఎంపికలో ఆశపడకూడదు. ఆటోమేటిక్ గేరు, మామూలు టార్క్ కన్వర్టరు ఉన్న కారుకు 50 థౌ లిఫ్ట్ (ట్యాపెట్ పైకి లేచే ఎత్తు) దగ్గర కొలిచిన డ్యురేషన్ (వాల్వు తెరిచి ఉండే క్రాంక్ డిగ్రీలు) 220 డిగ్రీల చుట్టూ ఉంటే కారు నడపడానికి బాగుంటుంది. ఈ పెద్ద ఇంజన్ 240 డిగ్రీల క్యామ్‌ను కూడా మింగేస్తుంది, బ్రేకులకు వాక్యూమ్ మాత్రం మిగలదు. అసలు సమస్య క్యామ్ రకంలో ఉంది. పాత పద్ధతి ఫ్లాట్ ట్యాపెట్‌లో క్యామ్ లోబు (ట్యాపెట్‌ను తోసే ఉబ్బు) ఒకటి రెండు థౌ ఏటవాలుగా, ట్యాపెట్ అడుగు కొంచెం ఉబ్బుగా గ్రైండ్ చేసి ఉంటాయి. ఆ ఏటవాలు వల్ల ట్యాపెట్ తన చోట తాను గిర్రున తిరుగుతుంది. తిరగడం ఆగిన ట్యాపెట్ లోబును కొరికేస్తుంది, పొడి నూనెలో కలిసి ప్రతి బేరింగుకూ చేరుతుంది. ఇప్పటి కార్ల కోసం అమ్మే పలుచని నూనెల్లో క్యాటలిటిక్ కన్వర్టరు పాడవకుండా ఫాస్ఫరస్‌ను 800 పీపీఎంకు పరిమితం చేశారు. ఫ్లాట్ ట్యాపెట్‌కు అది తక్కువ. జింక్, ఫాస్ఫరస్ ఎక్కువున్న బ్రేక్ ఇన్ నూనె, ఆ తర్వాత పాత ఇంజన్ల కోసమే చేసిన నూనె వాడాలి.

ఖర్చు భరించగలిగితే హైడ్రాలిక్ రోలర్ (అడుగున చక్రం ఉండి, నూనె ప్రెషర్‌తో సందు తానే సర్దుకునే ట్యాపెట్) మంచిది. దానికి రెండు షరతులున్నాయి. రోలర్ క్యామ్ లోబు ఏటవాలు ఉండదు కాబట్టి క్యామ్‌ను వెనక్కి తోసిపట్టే శక్తి లేదు, అది ముందుకూ వెనక్కూ జరుగుతుంది. టైమింగ్ కవరుకు, క్యామ్‌కు మధ్య బటన్ పెట్టి 5 నుంచి 10 థౌ ఆట మాత్రమే వదలాలి. పలచటి రేకు కవరైతే బటన్ తోపుకు కవరే వంగుతుంది, దానికి ఆసరా ఇవ్వాలి. రెండోది డిస్ట్రిబ్యూటరు గేరు. స్టీలు క్యామ్ మీద మామూలు ఇనుప గేరు నెలల్లో కత్తి అంచులా అరిగిపోతుంది. క్యామ్ తయారుచేసినవాళ్లు ఏ గేరు వాడమన్నారో అదే వేయాలి. ఇక 1965, 66 బ్లాకులు కొన్నవాళ్లు క్యామ్ వెనక జర్నల్ మీద నూనె గాడి ఉన్నదే అడగాలి, లేకపోతే ట్యాపెట్లకు నూనె అందదు.

క్యామ్ పెట్టగానే గేర్ల మీది చుక్కలు కలిపి టైమింగ్ చైన్ వేసి వదిలేస్తే అది సగం పనే. మొదటి పిస్టన్ పైన స్టాపరు బిగించి, క్రాంక్ ముందు డిగ్రీల చక్రం పెట్టి, రెండు వైపులా తిప్పి ఆగిన చోట్ల మధ్యబిందువు పట్టుకుంటే అసలైన టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ అతి పైన ఉండే బిందువు) దొరుకుతుంది. అక్కణ్ణుంచి డయల్ గేజితో ఇంటేక్ లోబు శిఖరం ఎన్ని డిగ్రీల దగ్గర వస్తోందో చూడాలి. కార్డు మీద 106 అని ఉండి మీకు 110 వస్తే క్యామ్ నాలుగు డిగ్రీలు వెనకబడ్డట్టు, కింది లాగుడు పోతుంది. చైన్ గేరులో అదనపు గాడులుంటాయి, వాటితో సరిచేయొచ్చు.

ఆ తర్వాత పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య ఎంత సందుందో చూడాలి. పిల్లలు ఆడుకునే రంగు మట్టిని పిస్టన్ మీద వాల్వు గుంటల్లో పరిచి, పైన చుక్క నూనె రాసి, వాడిన గ్యాస్‌కెట్‌తో హెడ్డు బిగించి, ఆ సిలిండరు రాకర్లు (వాల్వును కిందికి నొక్కే చేతులు) సున్నా సందుతో పెట్టి, ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. హైడ్రాలిక్ ట్యాపెట్లయితే వాటి బదులు గట్టివి తాత్కాలికంగా పెట్టాలి, లేకపోతే అవి అణిగి తప్పు కొలత ఇస్తాయి. హెడ్డు తీస్తే మట్టిలో వాల్వు అచ్చు పడి ఉంటుంది. బ్లేడుతో అడ్డంగా కోసి అతి పలచటి చోట కొలవండి. ఇంటేక్‌కు 80 థౌ, ఎగ్జాస్ట్‌కు 100 థౌ ఉండాలి. ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఎందుకంటే అది వేడికి సాగుతుంది, పైగా పిస్టన్ దాన్ని వెంబడిస్తూ పైకొస్తుంది. బిగ్ బ్లాక్ వాల్వులు ఏటవాలుగా, ముళ్లపంది ముళ్లలా తలో దిక్కు చూస్తూ ఉంటాయి కాబట్టి వాల్వు అంచు గుంట పక్కగోడకు తగలకుండా చుట్టూ కూడా సందు చూడాలి. అదే సమయంలో వాల్వు కొన మీద మార్కరుతో నల్లరంగు పూసి తిప్పితే రాకరు ఎక్కడ రాసుకుంటోందో తెలుస్తుంది. గీత సన్నగా, మధ్యలో ఉండాలి. పక్కకు పోతే పుష్‌రాడ్ (ట్యాపెట్ నుంచి రాకరును తోసే కడ్డీ) పొడవు తప్పు. ఇంటేక్‌వి పొట్టివి, ఎగ్జాస్ట్‌వి పొడుగువి, రెండూ విడివిడిగా కొలిచి తెప్పించుకోవాలి.

బిగింపు రోజున ముందుగా బ్లాకును వేడి నీళ్లు, సబ్బుతో, ప్రతి నూనె దారిలోకీ పొడుగు బ్రష్షు దూర్చి కడగాలి. పెట్రోలుతో కడిగితే హోనింగ్ పొడి పోదు. తెల్లగుడ్డతో సిలిండరు తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి, బూడిదరంగు వస్తే మళ్లీ కడగాలి. ఆ బూడిదే రింగుల్ని తినేది.

మెయిన్ బేరింగుకు రెండున్నర నుంచి మూడు థౌ, రాడ్ బేరింగుకు 2.2 నుంచి 2.8 థౌ సందు. మెయిన్ జర్నల్ వ్యాసం రెండుముప్పావు అంగుళాలు, అంగుళానికి ఒక థౌ అనే పాత సూత్రం ఇక్కడ చక్కగా సరిపోతుంది. మైనం పోగులా ఉండే ప్లాస్టిగేజి ఆఖరి సరిచూపుకే తప్ప అసలు కొలతకు పనికిరాదు. మైక్రోమీటరు, బోరు గేజి వాడాలి. క్రాంక్ ముందువెనకల ఆట 6 నుంచి 10 థౌ, జంట రాడ్ల పక్క సందు 15 నుంచి 25 థౌ. పైరింగు కొసల మధ్య బోరు అంగుళానికి నాలుగున్నర థౌ చొప్పున 19 థౌ, రెండో రింగుకు ఇంకో రెండు థౌ ఎక్కువ. రింగును బోరులో వేసి పిస్టన్‌తో సమంగా తోసి ఫీలర్ గేజితో చూడాలి. సందు చాలక కొసలు కలుసుకుంటే పిస్టన్ పైభాగం విరిగి లేచిపోతుంది. వెనక ఆయిల్ సీలు రెండు ముక్కలది, పెదవి ఇంజన్ లోపలి వైపు చూడాలి, ముక్కల అతుకును క్యాపు అతుకు నుంచి మూడెనిమిదో వంతు అంగుళం జరిపి పెడితే కారదు.

నాలుగు బోల్టుల మెయిన్ క్యాపులకు కంపెనీ బోల్టులయితే 110 ఫుట్ పౌండ్లు, హెడ్డు బోల్టులకు 80. ఇవి నూనె రాసిన మరలకు. వేరే కంపెనీ స్టడ్లు వేసి వాళ్లిచ్చిన గ్రీజు పూస్తే వాళ్లు రాసిన అంకే వేదం, పాత అంకె వాడితే ఎక్కువో తక్కువో బిగుస్తుంది. నీటి జాకెట్‌లోకి దిగే హెడ్డు బోల్టుల మరలకు సీలెంట్ పూయాలి, లేకపోతే నీళ్లు మరల వెంట పాకి నూనెలో చేరతాయి. హెడ్డు గ్యాస్‌కెట్‌కు ముందూ వెనకా ఉంది. మార్క్ ఫోర్‌లో పెద్ద నీటి రంధ్రాలు వెనక వైపు రావాలి. తిరగేసి పెడితే నీళ్లు ముందు భాగం నుంచే పైకెక్కి తిరిగిపోతాయి, వెనకున్న రెండు జతల సిలిండర్లు ఉడికిపోతాయి, మీటరు మాత్రం మామూలుగానే చూపిస్తుంది.

ఆయిల్ పంపు నూనె లాగే జల్లెడ, సంపు (నూనె నిలిచే తొట్టి) అడుగుకు మూడెనిమిదో వంతు అంగుళం ఎత్తులో ఉండాలి. దాన్ని కూడా మట్టి ముద్దతోనే కొలవొచ్చు. ఆ గొట్టాన్ని పంపుకు వెల్డింగ్ చుక్కతో అతికించాలి, కేవలం దిగ్గొట్టి వదిలితే ఒకరోజు ఊడి సంపులో పడుతుంది. పంపు తిప్పే కడ్డీకి ప్లాస్టిక్ తొడుగు బదులు స్టీలుది వేయాలి.

స్టార్ట్ చేసే ముందు డిస్ట్రిబ్యూటరు తీసి, ఆ రంధ్రంలోంచి ప్రైమింగ్ కడ్డీని దింపి, డ్రిల్లుతో సవ్యదిశలో తిప్పి నూనె ఎక్కించాలి. అక్కడ ఒక మెలిక ఉంది. షెవ్రోలెలో ట్యాపెట్లకు నూనె తీసుకెళ్లే దారి డిస్ట్రిబ్యూటరు ఒంటి చుట్టూ పోతుంది. చుట్టూ కాలర్ లేని వట్టి కడ్డీ దింపితే నూనె అక్కడే బయటికి పొంగుతుంది, ప్రెషర్ రాదు. డ్రిల్లు బరువెక్కి మూలిగిందంటే నూనె అందుకున్నట్టు. అప్పుడు క్రాంక్‌ను పావు చుట్టు చొప్పున తిప్పుతూ పదహారు రాకర్ల దగ్గరా నూనె ఊరేదాకా ఆపొద్దు.

ట్యాపెట్లు సరిచేసే వరుస సులువు. ఒక సిలిండరులో ఎగ్జాస్ట్ వాల్వు అప్పుడే తెరుచుకుంటుంటే దాని ఇంటేక్‌ను సరిచేయాలి, ఇంటేక్ మూసుకుపోతుంటే ఎగ్జాస్ట్‌ను సరిచేయాలి. హైడ్రాలిక్‌కు పుష్‌రాడ్ కిందామీదా ఆడటం ఆగాక అర చుట్టు. ఆడటం ఆగిందో లేదో పుష్‌రాడ్‌ను పైకీ కిందికీ కదిపే చూడాలి, వేళ్లతో తిప్పి చూస్తే మోసపోతాం. ప్లగ్ వైర్ల వరుస 1-8-4-3-6-5-7-2.

ఫ్లాట్ ట్యాపెట్ ఇంజన్ మొదటి అరగంటే దాని ఆయుష్షు. స్టార్టరుతో ఇంజన్‌ను ఊరికే తిప్పడం అంటే నూనె చిమ్మని వేగంలో లోబుల్ని రుద్దడం. అందుకని పెట్రోలు కార్బురేటరు గిన్నెలో ముందే నింపి, టైమింగ్ ముందే సరిపెట్టి, రేడియేటరు నిండా నీళ్లు పోసి, మొదటి తిప్పుకే అంటుకునేలా చూసుకోవాలి. అంటుకోగానే ఐడిల్‌కు వదలకుండా 2000 నుంచి 2500 ఆర్పీఎం మధ్య మారుస్తూ ఇరవై ముప్పై నిమిషాలు ఉంచాలి. క్యామ్ మీద నూనె పడేది క్రాంక్ విసిరితేనే, నెమ్మదిగా తిరిగే క్రాంక్ విసరదు. వాల్వులకు జంట స్ప్రింగులుంటే లోపలివి ఈ అరగంటకు తీసేయాలి. నీళ్లు కారినా, వేడి ఎక్కినా ఐడిల్‌లో పెట్టి వెతకొద్దు, ఆపేసి సరిచేసి మళ్లీ నేరుగా 2000కు తీసుకెళ్లాలి. మనిషి ఒకరు గేజి దగ్గర, ఒకరు ఇంజన్ దగ్గర ఉండాలి. వెయ్యి ఆర్పీఎంకు కనీసం 10 పౌండ్ల నూనె ప్రెషర్ కనిపించాలి.

వేడెక్కాక మొత్తం టైమింగ్ (ప్లగ్ నిప్పు పిస్టన్ పైకి రాకముందు ఎంత ముందుగా పడాలో ఆ అంకె) 34 నుంచి 36 డిగ్రీలు, 3000 ఆర్పీఎం లోపే అందేలా పెట్టుకోవచ్చు. 460 ఘనపు అంగుళాలు 5500 దాకా తిరిగితే లెక్క ప్రకారం 730 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి) చాలు కాబట్టి 750 కార్బురేటరు సరిపోతుంది. 1050 పెట్టి గొప్పలు పోనక్కర్లేదు.

ఆ అరగంట అవగానే వేడి మీదే నూనె దింపి ఫిల్టరు మార్చాలి. పాత ఫిల్టరును పారేయకుండా రేకు కోసే కత్తెరతో కోసి, కాగితం మడతలు విప్పి, ఎండలో పెట్టి చూడాలి. అక్కడక్కడ సన్నటి మెరుపు ఉంటే కొత్త ఇంజన్‌కు మామూలే. అయస్కాంతానికి అతుక్కునే రేకలు కనిపిస్తే క్యామ్ పోయినట్టు, అతుక్కోని రాగిరంగు కనిపిస్తే బేరింగు తేలినట్టు. రెండింటిలో ఏది కనిపించినా ఆ ఇంజన్‌ను ఇంకొక్క నిమిషం తిప్పకుండా విప్పాలి. శుభ్రంగా ఉంటే కొత్త నూనె పోసి, 500 మైళ్ల దగ్గర ఇంకోసారి ఇలాగే కోసి చూసుకోవాలి.

ఇట్లు,
ఇంజన్ మెషినింగ్ పని తెలిసిన ఒక పాఠకుడు,
మిషిగన్